ప్లేగు అనుమానం

సింధూజ కొండెంగలొద్దికి మొదటిసారి వెళ్లిన రోజు ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

గంగారం నుంచి పద్నాలుగు కిలోమీటర్లు. చివరి మూడు కిలోమీటర్లు జీపు పోదు. వాగు దాటి, నడుము దాకా పెరిగిన గడ్డిలోంచి నడవాలి. వెనక డ్రైవర్ సాంసన్ ఇరవై ఎలుకల బోన్లు రెండు సంచుల్లో మోసుకుని వస్తున్నాడు. మహబూబాబాద్‌లో ఆమెది జ్వరాల సర్వే ఉద్యోగం. దోమలు, ఎలుకలు, పిడుదుల వల్ల వచ్చే రోగాలు ఎక్కడ మొదలైనా ముందు ఆమె వెళ్లి చూడాలి. కొండెంగలొద్దిలో ఎలుకలు కుప్పలుగా చస్తున్నాయని, ముగ్గురు జ్వరంతో పడి ఉన్నారని అక్కడి బడి పంతులు ఫోన్ చేశాడు.

దారిలో ఆమెకే ఏడు చచ్చిన ఎలుకలు కనిపించాయి. ఒక మద్దిచెట్టు కింద గుడ్లగూబ ఒకటి రెక్కలు పరుచుకుని చచ్చి ఉంది. దాన్ని చూసి సాంసన్ సంచి దించలేదు కానీ మెడలోని సిలువను ఒకసారి తడుముకున్నాడు.

ఊరు చిన్న మిట్ట మీద ఉంది. ముప్పై నాలుగు కోయ కుటుంబాలు. వాళ్లు మిట్ట ఎక్కేసరికి పది మంది మగవాళ్లు దారికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ముందున్న మనిషి పేరు కట్టయ్య. అరవై దాటి ఉంటాయి. ఊరి తరఫున మాట్లాడేది ఆయనే.

"ఎవరు పంపిండ్రు నిన్ను?"

"దవాఖాన దిక్కు నుంచి వచ్చిన పెద్దబాపూ. ఎలుకలు సస్తున్నయని తెలిసింది. బోన్లు పెట్టి జర నాలుగు పట్టుకపోతం, పరీక్ష చేపిస్తం."

"నేను నీకు బాపును గాను." కట్టయ్య గొంతు పెంచలేదు. "పోయినేడు దోమతెరలు లెక్కబెడ్తమని వచ్చిండ్రు. ఇండ్లు లెక్కబెట్టుకొని పోయిండ్రు. పది దినాలకు గుట్ట మీద ఎర్రజెండాలు పాతిండ్రు. గిప్పుడు ఎలుకలు లెక్కబెడ్తవా?"

ఆ జెండాలు ఎవరివో సింధూజకు తెలుసు. ఊరి వెనక గుట్టకు అవతల వైపు నిరంజన్ గ్రానైట్ క్వారీ ఉంది. ఆయనది జనగామ దగ్గర పెద్ద భూముల కుటుంబం, పార్టీలో పలుకుబడి ఉన్న మనిషి. క్వారీ ఇవతలికి జరగాలంటే పేలుళ్లకు దగ్గరలో ఇళ్లు ఉండకూడదు. అంటే కొండెంగలొద్ది ఉండకూడదు. సింధూజ భర్త గౌతమ్ ఆ క్వారీలోనే సూపర్‌వైజర్. ఆ మాట ఆమె ఇక్కడ చెప్పలేదు. ఎవరూ అడగలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఒక ఇంటి ముందు మంచం మీద ఒక ఆడమనిషి గొంగడి కప్పుకుని వణుకుతోంది. కట్టయ్య భార్య సారక్క. అందరూ సాంసన్ సంచుల వైపు చూస్తుంటే సింధూజ ఆమె దగ్గరకు వెళ్లింది. ఒళ్లు కాలుతోంది. నాలుగు రోజులైంది అన్నది సారక్క. కళ్లు ఎర్రబడ్డాయి. చంక కింద చేయి పెడితే నిమ్మకాయంత గడ్డ తగిలింది. సింధూజ చేయి ఆగిపోయింది. ఎలుకలు రాలడం, జ్వరం, చంకలో గడ్డ. ఆమె చదివిన పుస్తకంలో ఆ మూడూ ఒకే పేజీలో ఉన్నాయి.

"ఏయ్! చెయ్యి తియ్యి." కట్టయ్య పరుగున వచ్చాడు.

"పెద్దదవాఖానకు తీస్కపోవాలె ఈమెను."

"తీస్కపోతె ఊరికి కావలెవరుంటరు? తిరిగొస్తె ఇల్లుంటదో లేదో నువ్వు రాసిస్తవా?"

బోన్లు ఊళ్లో పెట్టనివ్వలేదు. వాగు ఒడ్డున, ఊరి బయట పెట్టింది. చచ్చిన ఎలుకలను చేతితొడుగు వేసుకుని మంచు డబ్బాలో సర్దింది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే పద్దెనిమిది బోన్లు రాళ్లతో చితక్కొట్టి వాగులో పడి ఉన్నాయి. ఒడ్డున నలుగురు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతూ ఆమె నీళ్లలో దిగి ఒక్కొక్క బోను ఏరుకోవడాన్ని చూశారు. ఒకామె పెద్దగా నవ్వింది. సింధూజ జారి మోకాలు కొట్టుకుంది. ఆ నవ్వు ఇంకొంచెం పెరిగింది.

ఆఫీసుకు వచ్చి ఒక ఎలుకను కోసి చూసింది. కడుపు నిండా నెత్తురు. మిగతా ఎలుకలను పరీక్షకు హైదరాబాద్ పంపింది. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని పై అధికారికి రిపోర్టు రాసింది.

మొదట ఉన్నదున్నట్టే రాసింది. ఎండాకాలంలో ఎండ నలభై ఆరు దాటి, వాగు చుక్క లేకుండా ఎండిపోయి, పాములూ ముంగిసలూ నీటి గుంటల దగ్గర చచ్చిపోయాయని పంతులు చెప్పింది రాసింది. ఆ తర్వాత నెలన్నర పడాల్సిన వాన రెండు దినాల్లో పడి, బొరియలు మునిగి, ఎలుకలు మిట్ట మీదికి ఎగబాకాయని రాసింది. వాటిని తినేవి లేక, గడ్డి విపరీతంగా పెరిగి, అవి వందలుగా పెరిగాయని రాసింది. ముగ్గురికి జ్వరం, ఒకరికి చంకలో గడ్డ. ప్లేగు అనుమానం, పరీక్ష ఫలితం రావాలి.

అక్కడితో ఆపి ఉండవచ్చు. కానీ మోకాలు నొప్పి పెడుతోంది. చెవిలో ఆ నవ్వు ఇంకా ఉంది. ఇంత చేస్తే నన్ను దొంగను చూసినట్టు చూస్తారా అన్న కోపం ఉంది. ఆమె ఇంకో వాక్యం రాసింది: "గ్రామస్తులు సహకరించడం లేదు, అవసరమైతే ఊరిని వెంటనే ఖాళీ చేయించాలి."

రాసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లింది.

గురువారం ఆమె జ్వరం మాత్రలు తీసుకుని మళ్లీ బయలుదేరింది. ప్లేగైనా, ఇంకొకటైనా ఆ మాత్ర పనిచేస్తుందని డాక్టరు చెప్పి ఇచ్చాడు. వాగు దాటి మిట్ట ఎక్కేసరికి ఊళ్లో మూడు ట్రాక్టర్లు కనిపించాయి. నిరంజన్ తెల్ల చొక్కాలో, ముక్కుకు మాస్కు కట్టుకుని ఒక బండ మీద నిలబడి ఉన్నాడు. చుట్టూ క్వారీ మనుషులు. వాళ్లలో గౌతమ్ లేడు.

"నా మాట గాదు ఇది," నిరంజన్ అరుస్తున్నాడు. "సర్కారు కాయితం. ప్లేగంటె ఏందో తెలుసా? ఒక్కల నుంచి ఊరంత పోతది. గంగారం అవతల రేకుల షెడ్లు ఏపిచ్చిన. మీ మంచికే చెప్తున్న, సామాన్లు ఎక్కియ్యుండ్రి."

అతని చేతిలో ఉన్నది ఆమె రిపోర్టు. కింద ఆమె సంతకం. ఫోన్లో తీసిన ఫొటోను పెద్దది చేసి ప్రింటు తీశారు. కాగితం అంచున ఆమె ఇంటి బల్ల మీది పూల గుడ్డ కూడా కనిపిస్తోంది.

కట్టయ్య ఆమెను చూశాడు. జనం పక్కకు తప్పుకున్నారు.

"నువ్వే రాసినవా?"

"నేనే రాసిన. గని ఆయనకు నేనియ్యలే..."

"ఖాళీ చెయ్యాలె అని రాసినవా లేదా?"

"రాసిన."

"మేడంను తిట్టకుండ్రి," అన్నాడు నిరంజన్, బండ దిగుతూ. "గౌతం పెండ్లాం అంటె మా ఇంటిమనిషే. మీ పానాలు కాపాడుదామనే రాసింది."

అక్కడున్న అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ఒక ముసలామె ముందుకొచ్చి సింధూజ మొహం మీద ఉమ్మింది. ఆమె తుడుచుకుంది. మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని, "ఇవి ఏసుకోండి, ఇంకేం వద్దు, మీరు ఎక్కడికీ పోవద్దు, ఇవి మాత్రం ఏసుకోండి" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నది. కట్టయ్య ఆ డబ్బా లాక్కుని మూత తీశాడు. మాత్రలన్నీ బురదలో పోసి కాలితో తొక్కాడు.

"పో. ఆడ నీ మొగడున్నడు, నీ సేటున్నడు. పో ఈడికెల్లి."

నిరంజన్ మనుషులు మొదటి ఇంట్లోంచి మంచాన్ని బయటికి లాగారు. ఆ ఇంటి మనిషి గొడ్డలి తీశాడు. ఊరు ఊరంతా గొడ్డళ్లు తీసింది. నిరంజన్ కాసేపు చూసి, సోమవారం తహసీల్దారు ముందరే తేల్చుకుందామని చెప్పి ట్రాక్టర్లు తిప్పించాడు. వాగు దాటుతూ అతను సింధూజను దాటుకుని పోయాడు, ఆగలేదు.

ఆ సాయంత్రం గౌతమ్ అన్నం తింటున్నాడు.

"నా కాయితం ఫొటో ఎందుకు తీసినవ్?"

"అబద్ధమేమన్న ఉన్నదా అండ్ల? నువ్వు రాసిందే గద."

"పరీక్ష కాలే. అనుమానమని రాసిన."

"ఖాళీ చెయ్యాలని కూడ రాసినవ్." అతను పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు. "సింధూ, ఆ గుట్టల నడుమ ఏమున్నది వాళ్లకు? షెడ్లల్ల కరెంటుంటది, రోడ్డుంటది. నువ్వే అనలేదా వాళ్లు నిన్ను కుక్కను తరిమినట్టు తరిమిండ్రని?"

అవును, ఆ మాట అన్నది తనే. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది. అతను తన చేతిలోంచి లాక్కున్నది ఏదీ లేదు. ఆమె ఇచ్చినదే తీసుకున్నాడు. ఆమె రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, తోటి ఉద్యోగి నౌషీన్ ఇంటికి వెళ్లిపోయింది. గౌతమ్ గుమ్మం దాకా కూడా రాలేదు.

శనివారం పొద్దున హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఎలుకల్లో ప్లేగు క్రిమి లేదు. వాటి కడుపుల్లో ఆకుపచ్చ బిళ్లల ముక్కలున్నాయి. నెత్తురు గడ్డకట్టకుండా చేసి లోపలే కార్పించే ఎలుకల మందు అది. సింధూజ ఫోన్ పట్టుకునే సాంసన్ వైపు చూసింది. వరద వచ్చినప్పుడు క్వారీ క్యాంపు బియ్యం గోదాములోకి ఎలుకలు చొరబడ్డాయని, మందు బస్తాలతో తెప్పించి చల్లామని గౌతమే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆ మందు తిన్న ఎలుకలు ఊరి దాకా వచ్చి చచ్చాయి. ఆ ఎలుకలను తిన్న గుడ్లగూబ చచ్చింది.

"మరి మనుషుల జ్వరమేంది మేడం?" అన్నాడు సాంసన్.

ఆ ప్రశ్న ఆమె ఆ మొదటి రోజే వేసుకోవాల్సింది. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన మండిపడ్డాడు.

"ఒంటి మీద నల్లపెచ్చు ఉందా అని చూశావా? సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. గడ్డిలో ఎలుకల మీద బతికే పురుగు కుట్టిన చోటు. దాని వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలో కూడా చంకలో గడ్డలొస్తాయి కదమ్మా. ప్లేగైతే ఆ మనిషి ఇన్ని రోజులు ఉండేదా?"

చూడలేదు. చంకలో చేయి పెట్టాక ఇంకేమీ వెతకలేదు.

కొండెంగలొద్దికి వాళ్లు చేరేసరికి పదకొండు అయింది. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. అందరూ కట్టయ్య ఇంటి దగ్గరే ఉన్నారు. సారక్క ఊపిరి కొలిమితిత్తిలా ఎగిసిపడుతోంది. కళ్లు పచ్చబడ్డాయి. సింధూజ గుమ్మంలో ఆగింది.

"నన్ను కొట్టుండ్రి, ఏమన్న చెయ్యుండ్రి. ఒక్కసారి ఆమె ఒళ్లు చూడనియ్యుండ్రి."

కట్టయ్య లేచాడు. అతని చేయి లేవకముందే మంచం మీద నుంచి సారక్క మాట వినిపించింది.

"చూడనియ్యి. నీ పంతానికి నేను సచ్చిపోవాల్నా?"

మగవాళ్లు బయటికి పోయారు. ఒక కోడలు చీర సడలించింది. నడుం దగ్గర, లంగా బొందు ఒరుసుకునే చోట, శనగగింజంత నల్లపెచ్చు, చుట్టూ ఎర్రటి వలయం. సింధూజ మళ్లీ తెచ్చిన మాత్రను నీళ్లలో కలిపి తాగించింది. తర్వాత మిగతా ఇద్దరు రోగులనూ చూసింది. ఒకరికి చెవి వెనక, ఒకరికి తొడ మీద అదే పెచ్చు. వాళ్లకూ మాత్రలిచ్చింది. ఈసారి ఎవరూ కాదనలేదు. అలాగని ఎవరూ ఆమె చేతిలోంచి తీసుకోలేదు. సాంసన్ చేతిలోంచి తీసుకున్నారు.

108 వాగు అవతలే ఆగింది. సారక్కను మంచంతో సహా ఎత్తుకుని మూడు కిలోమీటర్లు నడిచారు. మంచం ముందు రెండు కోళ్లు కట్టయ్య, అతని తమ్ముడు పట్టారు. ఒకచోట సింధూజ వెనక కోడు పట్టబోతే అక్కడున్న అతను భుజంతో ఆమెను తోసేశాడు. ఆమె పక్కన నడుస్తూ సారక్క మీద పడుతున్న ఎండకు తన చున్నీ అడ్డం పెట్టింది. దాన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు.

గూడూరు దాటాక సారక్క ఊపిరి ఆగింది. మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు చూసి, రెండు రోజుల ముందు మందు పడి ఉంటే బతికేదన్నాడు. కట్టయ్య ఆ మాట విన్నాడు. సింధూజ కూడా విన్నది. రెండు రోజుల ముందు ఆ మందు బురదలో ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సోమవారం గంగారం మండల ఆఫీసులో తహసీల్దారు రాజమౌళి ముందు బల్లకు ఒకవైపు నిరంజన్, ఇంకోవైపు గోడకు ఆనుకుని కొండెంగలొద్ది మనుషులు. నిరంజన్ రిపోర్టు చదివి వినిపించాడు. ఒక మనిషి పోయింది, ఇంకెంతమంది పోవాలని అడిగాడు. అతని గొంతులో నిజంగానే బాధ ఉన్నట్టు అనిపించింది.

సింధూజను ఎవరూ పిలవలేదు. తనే లోపలికి వచ్చింది.

"ఆ కాయితం నేను రాసింది సార్. అది తప్పు."

"మేడం, మీ ఇంటాయనను అడిగి మాట్లాడితె మంచిగుంటది," అన్నాడు నిరంజన్ నెమ్మదిగా.

"ఆయనను అడిగి మాట్లాడేదేం లేదు." ఆమె హైదరాబాద్ నుంచి వచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. "ప్లేగు లేదు. ఎలుకలు ఈ సార్ క్యాంపుల చల్లిన మందు తిని సచ్చినయ్. జ్వరం గడ్డిల పురుగు కుట్టి వచ్చింది. ఒకల నుంచి ఒకలకు అంటదు. దానికి ఊరు ఖాళీ చెయ్యక్కర్లేదు, గోలీలు చాలు. ఊరు ఖాళీ చేపియ్యాలన్న ఆఖరి వాక్యం నేను కోపంతోని రాసిన. వాళ్లు నా బోన్లు పలగ్గొట్టిండ్రని రాసిన. రోగం చూసి రాయలే."

రాజమౌళి బల్ల మీది కాగితం తీసి చదివాడు.

"ఇది రాతపూర్వకంగా ఇస్తరా? మీ నౌకరీకి కష్టమైతది."

"ఇస్త."

అక్కడే కూర్చుని రాసి ఇచ్చింది. ఊరు కదిలించే మాట ఆ రోజుతో ఆగింది. క్వారీ మాట ఆగలేదు. దానికి వేరే కాగితాలు తయారవుతున్నాయని నిరంజన్ మెట్లు దిగుతూ ఎవరితోనో ఫోన్లో చెప్పడం ఆమె విన్నది. బయట చెట్టు కింద కొండెంగలొద్ది మనుషులు ఉన్నారు. ఆమె వాళ్ల ముందు నుంచే నడిచింది. ఒక్కరూ పలకరించలేదు. కట్టయ్య మాత్రం ఆమె వైపు తిరిగి అన్నాడు:

"నువ్వు గిప్పుడు నిజం జెప్పినవని నా సారక్క లేచి రాదు."

"రాదు," అన్నది ఆమె.

"నేను తొక్కిన. నువ్వు రాసినవ్." తమ్ముడి భుజం పట్టుకుని వెళ్లిపోయాడు.

సింధూజకు మెమో వచ్చింది. టేకుమట్లకు బదిలీ అయింది. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో ఉండే తల్లిదండ్రుల దగ్గరకు చేరి, అక్కడి నుంచే బస్సులో పోయి వచ్చేది. గౌతమ్ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి తిట్టాడు, రెండోసారి ఏడ్చాడు. ఆమె రెండుసార్లూ టీ ఇచ్చి పంపింది. తండ్రి ఏమీ అడగలేదు. తల్లి మాత్రం రోజూ అడిగింది, ఒక్క వాక్యానికి ఇంత చేసుకోవాలా అని.

మరుసటి ఏడు వాన ముందే వచ్చింది, అడ్డదిడ్డంగా వచ్చింది. మేలో కుండపోత, జూన్ అంతా ఎండ, మళ్లీ ఆగస్టులో వాగులు పొంగాయి. టేకుమట్ల చేలల్లో కూడా గట్ల మీద గడ్డి నడుము ఎత్తు పెరిగింది. సింధూజ పొద్దున్నే ఊళ్లు తిరుగుతూ, నాట్లు వేసే ఆడవాళ్లకు మోచేతులూ మోకాళ్లూ కప్పుకోమని, ఇంటికొచ్చి స్నానం చేయమని చెప్పేది. చాలామంది వినేవాళ్లు కాదు. ఆమె ఇప్పుడు కోపం తెచ్చుకోవడం మానేసింది, లేదా తెచ్చుకున్నా ఆ రోజు ఏదీ రాసేది కాదు.

ఒక మధ్యాహ్నం బస్టాండులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"కట్టయ్యను."

ఆమె జనానికి దూరంగా జరిగింది. "చెప్పు."

"మా తమ్ముని బిడ్డకు జరం. మూడు దినాలు. సంకల గడ్డ లేదు. మోకాలి ఎనక నల్లమచ్చ ఉన్నది. నేనే చూసిన."

"పోరి వయసెంత?"

"పదమూడు."

ఆమె మాత్ర పేరు చెప్పింది. ఎంత, ఎన్ని పూటలు, ఎన్ని దినాలు అన్నీ చెప్పింది. అతను ఒక్కొక్క మాటా తిరిగి చెప్తూ వెనక ఎవరితోనో రాయించుకున్నాడు.

"గంగారం దవాఖానల దొరుకుతయ్. పోరికి దమ్ము వస్తె మాత్రం ఆగొద్దు, సీదా పెద్దదవాఖానకు తీస్కపోవాలె. నేను రావాల్నా?"

"నిన్ను రమ్మంటలేను," అన్నాడు కట్టయ్య. "గోలీ పేరు అడిగిన."

ఫోన్ పెట్టేశాడు. నాలుగు రోజుల తర్వాత గంగారం నర్సు ద్వారా తెలిసింది, పిల్ల లేచి తిరుగుతోందని. కొండెంగలొద్ది నుంచి ఆమెకు ఎవరూ చెప్పలేదు.